లాంకస్టర్ లాంగ్‌రైఫిల్ మీద చెక్కుడు, ఇత్తడి మీద నగిషీ: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగిన విషయం క్లుప్తంగా ఇది. విడిభాగాలు కొని, మేపుల్ చెక్కతో పెన్సిల్వేనియా ఫ్లింట్‌లాక్ (చెకుముకి రాయితో పేలే) రైఫిల్‌ను సొంతంగా తయారు చేసుకున్నారు. బ్యారెల్ (గొట్టం), లాక్ (పేల్చే యంత్రం), ఇత్తడి ప్యాచ్‌బాక్స్ (చెక్క వెనక భాగంలో ఉండే మూత ఉన్న చిన్న అర) చెక్కలో కుదిరాయి. ఇంకా రంగు వేయలేదు. చీక్‌పీస్ (చెంప ఆనే ఉబ్బు) వెనక ఉబ్బెత్తు చెక్కుడు, ప్యాచ్‌బాక్స్ మీద నగిషీ చేయాలని ఉంది. ఏ పనిముట్లు కొనాలి, ఎంత లోతు తీయాలి, మోటారుతో తిరిగే చిన్న గ్రైండర్ వాడవచ్చా, పెంబర్తిలో ఇత్తడి పని చేసే మీ బంధువుల పద్ధతి ఇక్కడ పనికొస్తుందా అని అడిగారు.

పనిముట్ల సంగతికి వస్తాను. ముందు ఒక మాట. చెక్కుడు చెడిపోయిన తుపాకులు నా చేతికి చాలానే వచ్చాయి. వాటిలో ఉలి జారి చెడినవి తక్కువ, గీత కుదరక చెడినవి ఎక్కువ. ఉలి జారిన గాటును అతికించి కప్పిపుచ్చవచ్చు. బొమ్మే బాగా లేకపోతే ఎంత నున్నగా చెక్కినా ఆ లోపం ఇంకా స్పష్టంగా కనబడుతుంది. అందుకే ఈ జవాబులో సగం పెన్సిలు గురించే ఉంటుంది.

ముందు మీ తుపాకి ఏ ఊరి తుపాకో తేల్చుకోండి. పెన్సిల్వేనియా రైఫిల్ అంటే సరిపోదు. 18వ శతాబ్దంలో జర్మన్ మాట్లాడే ప్రాంతాల నుంచి వలస వచ్చిన పనివాళ్లు యేగర్ అనే పొట్టి, వెడల్పు గొట్టపు రంధ్రం ఉన్న వేట రైఫిల్‌ను తమతో తెచ్చారు. లాంకస్టర్, రీడింగ్, లీహై, యార్క్ ప్రాంతాల్లో ఒకటి రెండు తరాల్లోనే అది సన్నబడి పొడవు సాగింది. బ్యారెల్ 42 అంగుళాలు, అంతకు మించి కూడా అయింది. ఒక్కో ప్రాంతంలో గురువు చేతి వాటం శిష్యుడికి దిగి, స్టాక్ (తుపాకి చెక్క భాగం) ఆకారం, చెక్కుడు, ప్యాచ్‌బాక్స్ కొస అన్నీ ఒక కుటుంబ పోలికలా స్థిరపడ్డాయి. లాంకస్టర్ స్టాక్ పై అంచు దాదాపు తిన్నగా సాగుతుంది, లీహై స్టాక్ వంపు తిరుగుతుంది. లీహైలో ఉబ్బెత్తు పని తక్కువ, లోపలికి కోసే గీత చెక్కుడు ఎక్కువ. లెబనాన్‌లో పనిచేసిన జాన్ ఫిలిప్ బెక్ చెక్కుడు దిట్టంగా, ధైర్యంగా ఉంటుంది. లాంకస్టర్‌లో జేకబ్ డికర్ట్ (1740–1822) పని మరో తీరు. బెక్ ఆకును తెచ్చి లీహై స్టాక్ మీద పెడితే, విడిగా రెండూ బాగున్నా కలిస్తే అతకవు.

మీ ఫోటోల్లో స్టాక్ పై అంచు తిన్నగా ఉంది, ప్యాచ్‌బాక్స్ కొసన పువ్వు ఉంది. అది లాంకస్టర్ పోలికే. కాబట్టి లాంకస్టర్‌లోనే ఒక్క పనివాణ్ణి ఎంచుకుని, అతని తుపాకుల్ని వీలైనన్ని చూడండి. ఫోటోలు చాలవు. చెక్కుడు ఎత్తు ఫోటోలో ఎప్పుడూ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే ఫోటో తీసేవాళ్లు వెలుతురును పక్క నుంచి కొడతారు. మీరు పెన్సిల్వేనియాలోనే ఉన్నారు కాబట్టి నాజరెత్ దగ్గర జేకబ్స్‌బర్గ్‌లో ఉన్న లాంగ్‌రైఫిల్ మ్యూజియానికి వెళ్లవచ్చు, లాంకస్టర్‌లో ల్యాండిస్ వ్యాలీ మ్యూజియం ఉంది. నాజరెత్ పక్కనే ఉన్న క్రిస్టియన్స్ స్ప్రింగ్‌లో మొరేవియన్ (ఒక ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖ) పనివాడు క్రిస్టియన్ ఓర్టర్ 1775లో చేసిన ఒక రైఫిల్‌ను 1971లో వ్యాలీ ఫోర్జ్ నుంచి దొంగలు ఎత్తుకుపోయారు. అది 2018లో దొరికింది, 2019లో ఫిలడెల్ఫియాలోని అమెరికన్ విప్లవ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. మీ సంప్రదాయం కాకపోయినా, అలాంటి పనిని అద్దం ఇవతల నుంచైనా సరే, పక్కకు వంగి అంచు నుంచి చూడండి. ఎంత పలుచని ఎత్తుతో ఎంత నీడ పుట్టించారో అప్పుడు తెలుస్తుంది.

ఆ ఎత్తు ఎంత? చాలా వరకు 1/32 అంగుళం, అంటే మిల్లీమీటరుకు కూడా కాస్త తక్కువ. దిట్టంగా చెక్కినచోట 1/16 అంగుళం దాకా పోవచ్చు. కొత్తవాళ్లు మూడు నాలుగు మిల్లీమీటర్లు లేపుతారు, అది తుపాకికి అంటించిన బొమ్మలా ఉంటుంది. ఎత్తు కాదు కావలసింది, పదునైన అంచు.

ఇక్కడ మీ స్టాక్ విషయంలో ఒక చిక్కు ఉంది. ఉబ్బెత్తు చెక్కుడంటే చుట్టూ ఉన్న చెక్కను దించడమే. దానికి ముందే అదనపు చెక్క వదిలి ఉండాలి. ముందుగా మలిచి అమ్మే స్టాకుల్లో ఆ అదనం చాలాసార్లు ఉండదు. మీరు తుది కొలతకు దించేశారా లేదా అన్నది ప్యాచ్‌బాక్స్ వైపు చూస్తే తెలియదు. చీక్‌పీస్ వైపు కొలవండి. అక్కడ బట్ (భుజానికి ఆనే వెనక భాగం) మందంగా ఉంటుంది కనుక బొమ్మ చుట్టూ ఒక మిల్లీమీటరు దించి, ఆ దించినదాన్ని బట్ అంచుల దాకా మెల్లగా కలిపేసే వీలుంది. బ్యారెల్ వెనక చెక్కలోకి దిగే లోహపు తోక చుట్టూ మాత్రం జాగ్రత్త. అది మణికట్టు, అంటే చేత్తో పట్టుకునే సన్నని భాగం, స్టాక్ మొత్తంలో బలహీనమైన చోటు. చెక్క మిగలకపోతే అక్కడ గీత చెక్కుడుతో సరిపెట్టండి. అది తక్కువ రకం పనేమీ కాదు, పాతవాళ్లూ చేశారు.

ఇక గీత. ఆ కాలపు తుపాకుల మీద కనిపించేది రొకోకో (18వ శతాబ్దపు యూరప్ శైలి) అలంకారం: సి ఆకారపు చుట్ట, ఎస్ ఆకారపు చుట్ట, వాటి నుంచి విడివడే అకాంథస్ (చీలికల అంచులుండే మొక్క) ఆకులు. కుర్చీలూ బల్లలూ ఆ ఫ్యాషన్‌ను వదిలేసిన చాలా ఏళ్లకు కూడా పెన్సిల్వేనియా తుపాకి పనివాళ్లు దాన్ని వదలలేదు. ఈ అలంకారానికి ఒక కఠినమైన నియమం ఉంది. ఏ చుట్ట అయినా, ఏ ఆకు అయినా, దాని గీతను వెనక్కి పొడిగిస్తే తల్లి గీతలో ఒరుసుకుంటూ కలిసిపోవాలి, అడ్డంగా గుద్దుకోకూడదు. బీరపాదు నుంచి నులితీగ ఎలా విడివడుతుందో చూసినవాళ్లకు ఈ నియమం వేరే చెప్పనక్కర్లేదు. రెండో నియమం, వంపు ఎక్కడా వృత్తంలో ముక్క కాకూడదు. లోపలికి వెళ్లే కొద్దీ బిగుసుకుంటూ పోవాలి. వృత్తలేఖినితో గీసిన చుట్ట చచ్చిన చుట్టే. మూడోది, చుట్ట వెడల్పు ఒకేలా ఉండకూడదు, సన్నగా మొదలై నడుమ బలిసి మళ్లీ సన్నబడాలి.

మణికట్టు వైపు నుంచి బట్ వైపు సాగే ఒక్క వెన్నెముక గీతతో మొదలుపెట్టండి. అది చీక్‌పీస్ కింది అంచుతోనూ, స్టాక్ కింది గీతతోనూ స్నేహంగా సాగాలి. ఆ గీత కుదిరేదాకా ఆకుల జోలికి పోవద్దు. వేళ్లతో కాక భుజం నుంచి చేయి ఊపి గీయండి. చెక్క మీదే నేరుగా గీయండి. ఫోటో నుంచి ట్రేసింగ్ కాగితం మీదికి ఎత్తి అంటిస్తే, బట్ ఉబ్బు మీద అది వంకర పోతుంది. గీసినది తప్పనిపిస్తే స్క్రేపర్ (చెక్కను గీకే ఉక్కు రేకు)తో ఒక్కసారి గీకితే పోతుంది, చెక్కకు నష్టం లేదు. గీశాక అద్దంలో చూడండి. కంటికి అలవాటై కనపడని తప్పులన్నీ తిరగేసిన బొమ్మలో బయటపడతాయి. ఆరడుగుల దూరం నుంచి కూడా చూడండి. బొమ్మ మధ్యలో ఖాళీలు ఏ ఆకారంలో ఉన్నాయన్నది దూరం నుంచే తెలుస్తుంది. దక్కనీ ఆయుధాల నిండు పనికి అలవాటు పడిన కన్ను ఇక్కడ ఖాళీని చూడగానే నింపాలనుకుంటుంది. నింపకండి. లాంకస్టర్ పనిలో ఖాళీ చెక్క కూడా బొమ్మలో భాగమే.

పనిముట్లు తక్కువే కావాలి. వి ఆకారపు ఉలి ఒకటి, 3 మిల్లీమీటర్లు, 6 మిల్లీమీటర్ల తిన్నని ఉలులు, మొన ఏటవాలుగా ఉన్న ఉలి ఒకటి, 3, 5, 7 నంబర్ల వంపు ఉన్న గౌజులు (మొన వంపు తిరిగిన ఉలులు) రెండేసి వెడల్పుల్లో, ఒక సన్నని కత్తి. స్క్రేపర్లు కొనక్కర్లేదు. పాత రంపం రేకును కావలసిన వంపులకు అరగదీసుకోండి. డబ్బు మిగిలితే సానరాళ్ల మీద పెట్టండి. మోటారు గ్రైండర్ వద్దు. చెక్కను అది కోయదు, నమిలి గుండ్రం చేస్తుంది. అలల చారలున్న మేపుల్‌లో గట్టి చారకూ మెత్తని చారకూ ఒకే తీరున పోదు, నేల (బొమ్మ చుట్టూ దించిన చెక్క) గతుకులవుతుంది. ఉప్పుకాగితం సంగతీ అంతే. చెక్కిన అంచు మీద దాన్ని ఒక్కసారి రుద్దితే మీరు అంతసేపు కష్టపడి తెచ్చిన పదును పోతుంది. నేలను స్క్రేపర్‌తోనే తేల్చండి.

చెక్కేటప్పుడు గది దీపాలన్నీ ఆర్పి, ఒక్క దీపం పక్క నుంచి పడేలా పెట్టుకోండి. మొదట బొమ్మ అంచు వెంట గౌజుతో గాట్లు దింపాలి. ప్రతి వంపుకు దానికి సరిపోయే గౌజు ఎంచుకుని నిలబెట్టి మెల్లగా నొక్కండి. ఎక్కువ మంది ఇక్కడే తొందరపడతారు. తుది లోతుకు ఒకేసారి గాటు దింపితే, నేల దించాక కూడా గాటు అడుగు మిగిలిపోతుంది. రంగు వేసినప్పుడు అది నల్లని గీతగా తేలుతుంది, తీయడం కుదరదు. సగం లోతుకే దింపి, నేలను అక్కడిదాకా తెచ్చి, మళ్లీ దింపండి. గాటు కాస్త బయటికి వాలి ఉండాలి, బొమ్మ అడుగున వెడల్పు ఎక్కువ ఉండేలా. లోపలికి వాలిందా, పలుచటి అంచు పెళ్లలుగా లేచిపోతుంది.

చారల మేపుల్‌లో నార ప్రతి చార దగ్గరా దిశ మార్చుకుంటుంది. నారవాలున కోస్తున్నామని అనుకుంటూ ఉండగానే ఎదురైపోతుంది. దీనికి మందు రెండే: వెంట్రుకను కోసేంత పదును, పలుచటి పొర. నారకు అడ్డంగా, ఉలిని కొద్దిగా పక్కకు జారుస్తూ కోయండి. పెళ్ల లేచే సూచన కనబడగానే అటు నుంచి ఆపి ఇటు నుంచి రండి.

నేల దించడంలో అందరూ చేసే తప్పు, బొమ్మ చుట్టూ కందకం తవ్వడం. బొమ్మ అంచు దగ్గర లోతుగా, రెండంగుళాల అవతల పాత ఎత్తులోనే ఉంటే, వేలు పెట్టి నిమిరితే గుంట తగులుతుంది. బట్ సహజమైన ఉబ్బు బొమ్మ కింది నుంచి అలాగే సాగిపోతున్నట్టు ఉండాలి. కళ్లు మూసుకుని అరచేత్తో తడమండి. ఈ విషయంలో కన్ను కంటే చెయ్యే నమ్మకమైన సాక్షి.

నేల తేలాక బొమ్మకు ప్రాణం పోసే పని. అప్పటిదాకా అది బల్లపరుపు బిళ్ల. చుట్ట లోపలి వైపును గౌజుతో పుటాకారంగా తీసి, బయటి వైపును మెల్లగా వాల్చండి. ఒక ఆకు మరో ఆకు కిందికి దూరుతుంటే, కిందిదాన్ని ఆ చోట మాత్రమే ముంచండి. అర మిల్లీమీటరు ముంచినా రెండు పొరల లోతు కనబడుతుంది. ఈనెలు వి ఉలితో, చివర్లో, వీలైనన్ని తక్కువ. ముందు ఒక పనికిరాని మేపుల్ పలక మీద ఇదే బొమ్మను పూర్తిగా చెక్కండి. తప్పనిసరిగా అదే చెక్క. టేకు మీదో వాల్‌నట్ మీదో చేసిన సాధన ఇక్కడ అక్కరకు రాదు.

ఇప్పుడు ఇత్తడి. ముందు పని వరుస. ప్యాచ్‌బాక్స్‌ను చెక్కతో సమానంగా ఆకురాయి పట్టడం పూర్తయ్యాకే నగిషీ. నగిషీ చేశాక ఒక్కచోట ఆకురాయి తగిలినా గీత పోతుంది. నగిషీ అయ్యాక, రంగు వేసే ముందు ఇత్తడిని ఊడదీయాలి, ఎందుకంటే మీరు వాడబోయే ఆమ్లం ఇత్తడిని తినేస్తుంది. ఇక నగిషీని తుపాకి మీదే చేయాలా, విడిగా చేయాలా అంటే రెండూ నడుస్తాయి. పలక బట్ వంపుకు ఒదిగి ఉంటుంది, విడిగా తీస్తే దానికి అడుగున ఆసరా కావాలి.

పెంబర్తి గురించి అడిగారు కదా, అది పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. అక్కడ రేకును లక్క పరుపు మీద పరిచి, పోగరలతో కొట్టి బొమ్మను లేపుతారు. లోహం స్థానం మారుతుంది కానీ పోదు. మనం చేసేది లోహాన్ని గ్రేవర్ (లోహాన్ని కోసే సన్నని ఉలి)తో చీల్చి బయటికి తీయడం. కాబట్టి వాళ్ల పోగరలు మీకు అక్కరకు రావు, లక్క మాత్రం అమూల్యం. ప్యాచ్‌బాక్స్ మూతను చెక్క దిమ్మ మీద లక్కలో కూర్చోబెడితే కదలదు, వంపు చెడదు, అడుగున బోలు ఉండదు. పని అయ్యాక వేడి చేస్తే ఊడివస్తుంది. మీ బంధువులతో ఒకసారి ఫోనులో మాట్లాడి, లక్కలో ఏమేమి ఎంతెంత కలుపుతారో కనుక్కోండి. బిగింపు చాలా మందిని ఏడిపించే చిక్కు, మీకు అది ఇంట్లోనే తీరుతుంది.

గ్రేవర్ చదరపుది ఒకటి, చదునుది ఒకటి చాలు. చదరపుదాని ముఖం 45 డిగ్రీలు, అడుగున మడమ (మొన కింది చిన్న ఏటవాలు) 15 నుంచి 20 డిగ్రీలు ఉండేలా సాన పట్టండి. మడమ చాలా పొట్టిగా ఉండాలి. పొడవైతే వంపు తిరిగేటప్పుడు గీత బయటి అంచును నలిపేస్తుంది. మడమను అద్దంలా మెరిపిస్తే గీత లోపల కూడా మెరుస్తుంది. పదును చూడటానికి మొనను బొటనవేలి గోటి మీద ఆనించండి. జారితే సాన చాలలేదు, పట్టుకుంటే సరే. మొన విరగడం కంటికి కనబడదు కానీ చేతికి తెలుస్తుంది. గ్రేవర్ హఠాత్తుగా జారడం మొదలైతే బలం పెంచకండి, ఆపి సాన పట్టండి. ఇత్తడి మీద అడ్డదిడ్డంగా కనిపించే పొడవాటి గీరలన్నీ మొన విరిగాక కూడా తోసినవాళ్లవే.

అరచేత్తో తోయవచ్చు, చిన్న సుత్తితో తట్టుతూ నడపవచ్చు. చేత్తో తోస్తే రెండో చేతి బొటనవేలు బ్రేకులా పక్కన ఉండాలి. సుత్తితో అయితే అదుపు త్వరగా వస్తుంది, కొత్తవాళ్లకు నేను అదే చెబుతాను. గాలితో నడిచే గ్రేవర్లు మంచివే, ఖరీదైనవి, ఒక్క తుపాకికి అక్కర్లేదు. ఏ పద్ధతిలోనైనా వంపులో చేతిని కాదు, పనిని తిప్పాలి. దిమ్మను ఇసుక సంచి మీద పెడితే చక్కగా తిరుగుతుంది.

ఇత్తడిని మరీ మెరిపించకండి, కళ్లు చెదురుతాయి. పలుచగా తెల్ల పోస్టర్ రంగు పూసి, ఆరాక పెన్సిలుతో గీయండి. సాధనకు రాగి, ఇత్తడి ముక్కలు తీసుకుని, ముందు సమాంతర రేఖలు, తర్వాత సి, ఎస్ వంపులు కోయండి. గ్రేవర్‌ను పక్కకు దొర్లిస్తే గీత బలుస్తుంది, నిలబెడితే సన్నబడుతుంది. పాత తుపాకుల మీద అంచుల్లో కనిపించే మెలికల గీత చదును గ్రేవర్‌ను అటూ ఇటూ ఊపుతూ ముందుకు నడిపితే వస్తుంది. అది ఒక పూటలో పట్టుబడుతుంది, చూడటానికి మాత్రం ఏళ్ల సాధనలా ఉంటుంది.

పాత లాంకస్టర్ నగిషీ నిజానికి తొందర పని. తక్కువ గీతలు, వేగంగా, జంకు లేకుండా. కొన్నిచోట్ల వంకరగా కూడా ఉంటుంది. ఖరీదైన ఇంగ్లిష్ షాట్‌గన్ల మీద ఉండే సన్నని, దట్టమైన చుట్టల్ని తెచ్చి ప్యాచ్‌బాక్స్ మీద పరిస్తే పనితనం మెచ్చుకోవచ్చు గానీ తుపాకి తన ఊరు మరిచిపోతుంది. మీ చెక్కుడులో ఉన్న చుట్టలే ఇత్తడి మీదా రావాలి. ఒకే చేయి రెండూ చేసిందని తెలియాలి. చీక్‌పీస్ మీద ఎనిమిది కొమ్మల వెండి నక్షత్రం పెడతానన్నారు, పెట్టండి. వెండి ఇత్తడి కంటే మెత్తన, గ్రేవర్ హాయిగా నడుస్తుంది.

రంగు సంగతి త్వరగా ముగిస్తాను. ఇనుము కరిగించిన నత్రికామ్లం పూసి, ఆరనిచ్చి, వేడిగాలి తగిలిస్తే చారలు ఎర్రని గోధుమరంగులో లేస్తాయి. బయట, గాలికి ఎదురుగా నిలబడకుండా, చేతి తొడుగులతో చేయండి. తర్వాత వంటసోడా నీళ్లతో తుడవాలి. రంగుకు ముందే చెక్కను ఒకటి రెండు సార్లు తడిపి, లేచిన నూగును గీకేయాలి. పైన అవిసె నూనె వార్నిష్ పలుచని పూతలు. మందంగా పోస్తే ఈనెలన్నీ పూడుకుపోతాయి.

చట్టం గురించి ఒక మాట, ఎందుకంటే ఇది ఇండియా నుంచి కూడా చదువుతారు. అమెరికా ఫెడరల్ చట్టంలో ఇలాంటి ముందు నుంచి మందు దట్టించే తుపాకిని మామూలు ఆయుధంగా లెక్కించరు, రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉండవచ్చు. ఇండియాలో 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తయారుచేయడం నేరం, అది నాటు తుపాకి అయినా సరే. అక్కడున్నవాళ్లు ఈ ముచ్చటను చెక్క పలక మీద, ఇత్తడి బిళ్ల మీద తీర్చుకోవచ్చు.

చివరగా మీ పేరు. పెట్టాలా వద్దా అని మొహమాటపడుతున్నారు. తప్పకుండా పెట్టండి, ఏడాదితో సహా. బాగా చేసిన కొత్త రైఫిల్‌ను చేతులు మారాక ఎవరో అరగదీసి, పాతదని అమ్మే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఇత్తడి బిళ్ల మీద రాస్తే బిళ్లను మార్చేస్తారు, అందుకని బ్యారెల్ పైవైపు చదునైన ముఖం మీదే రాయండి. ఉక్కు గట్టిది, అక్షరాలకు సుత్తి తప్పదు, మడమ కోణం కాస్త పెంచుకోండి. బ్యారెల్‌కు గోధుమరంగు పట్టించక ముందే ఆ పని పూర్తి చేయండి. తర్వాత కోస్తే అక్షరాలు తెల్లగా మెరుస్తూ మిగిలిపోతాయి, వాటికోసం మళ్లీ మొత్తం బ్యారెల్‌కు రంగు వేయాల్సి వస్తుంది.